పందొమ్మిది రోజుల ఈల

మా ఆయన చొక్కా జేబులో దొరికిన చెవుల డాక్టరు కాగితాన్ని అదే మడతల్లో మడిచి మళ్ళీ అదే జేబులో పెట్టేశాను. పోయినవారం అక్కడే కదా ఆగాం. పెట్టేశానన్న మాటే గానీ, ఆ కాగితం నా కడుపులోనే ఉన్నట్టుంది. మూడు నెలల కిందటి తారీఖు. రెండు చెవులకీ రెండు గీతలు. మొదట తిన్నగానే వెళ్ళి, చివరికొచ్చేసరికి రెండూ కిందికి జారిపోయాయి. అడుగున డాక్టరు చేతిరాత: సన్నటి శబ్దాల వినికిడి బాగా తగ్గింది, వెంటనే మళ్ళీ రావాలి. మళ్ళీ వెళ్ళినట్టు ఇంకో కాగితం లేదు. మా ఆయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. బుధవారం నుంచి ఆదివారం దాకా ఒకే ఇంట్లో ఎవరి దొంగతనం వాళ్ళం దాచుకుని తిరిగాం.

ఎవరికైనా చెవులు పాట వినడానికి. మాకు ఆ చెవులే బువ్వ పెడతాయి. మా ఆయన బాలేష్ అల్వాల్ స్టేషన్ రోడ్డులో పాత రికార్డు ప్లేయర్లు బాగుచేస్తాడు. రికార్డుల్లోని సంగీతాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, గరగరలు ఏరేసి, సీడీలు చేసిస్తాడు. దుకాణం ముందు సగంలో నేను చీరలకి ఫాల్స్ కుడతాను, పీకో చేస్తాను. వెనక సగం ఆయనది. కంప్యూటరు ఎవరైనా కొనుక్కోవచ్చు, కానీ ఏ చప్పుడు తీసేయాలో, ఏది ఉంచాలో చెప్పేది చెవి. ఆ చెవి కోసమే ఎక్కడెక్కడి నుంచో జనం వెతుక్కుంటూ వస్తారు. ముప్పై తొమ్మిదేళ్ళకే ఆ చెవికి ఏమొచ్చింది దేవుడా అని నాలుగు రాత్రులు నిద్రపోలేదు.

సరిగ్గా అప్పుడే పట్టాభిరామయ్య గారు పరీక్ష పెట్టారు.

ఈయన కాకినాడ వైపు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. డెబ్బై ఎనిమిదేళ్ళు. శామీర్‌పేటలో కొత్త కాలనీలో కొడుకు దగ్గరుంటారు. మూడు వందల పైచిలుకు రికార్డులున్నాయి. చేతులు వణకడంతో ముల్లు దించబోతే రికార్డు మీద గీతలు పడుతున్నాయని, మనసొప్పకపోయినా, అన్నిటినీ సీడీలు చేయమని మాకిచ్చారు. నూట ఇరవై దాకా అయ్యాయి. మిగతావి ఇచ్చేముందు ఆయనకి అనుమానమొచ్చింది. "ఆదివారం రండి బాలేష్ గారూ. రికార్డునీ సీడీనీ పక్కపక్కన పెట్టుకుని విందాం. సీడీ నెగ్గితే మిగతా పెట్టెలు పట్టుకెళ్ళండి. లేదంటే ఇంతటితో ఆపేద్దాం" అన్నారు ఫోన్లో. ఆయన మాట కోసం చూస్తున్న రికార్డుల పిచ్చివాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. ఆయన కాదంటే వాళ్ళూ పోతారు.

"నువ్వు గూడ రా స్రవంతీ" అన్నాడు మా ఆయన. "స్విచ్చు డబ్బా, వైర్ల సంచి ఎవలన్న పట్టుకోవాలె."

"నాకు నాలుగు చీరలున్నయ్. రేపియ్యాలె."

"గవి రేపు జూద్దాం. నువ్వు లేకుంటే నాకు సేతులాడవ్" అన్నాడు. పెళ్ళయిన పదమూడేళ్ళలో అలాంటి మాట ఆ నోట ఎన్నడూ రాలేదు. ముద్దొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది.

బండి మీద హకీంపేట దాటుతుంటే వెనక నుంచి అడిగాను, "డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పోయినవ్?" అని. మెల్లగానే అడిగాను. జవాబు రాలేదు. గాలికి వినపళ్ళేదో, అసలే వినపళ్ళేదో. పోయిన నెల అయితే గాలిదే తప్పు అనుకునేదాన్ని. రెండోసారి గట్టిగా అడిగే ధైర్యం లేక, ఒళ్ళో వైర్ల సంచిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

పెద్దాయన భార్య పార్వతీదేవి గారు తలుపు తీసి, కూర్చోకముందే మజ్జిగ గ్లాసులు చేతిలో పెట్టారు. "కాస్త నెమ్మదిగా పెట్టుకోండర్రా. మనవరాలు రాత్రంతా తుర్కపల్లి ల్యాబులో డ్యూటీ చేసి, పొద్దున్నే కంపెనీ కారులో వచ్చి పడింది. పైన పడుకునుంది" అని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

హాల్లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. రికార్డు ప్లేయరు, సీడీ ప్లేయరు, రెండిటికీ కలిపి ఒకే జత స్పీకర్లు. మా ఆయన తయారు చేసిన స్విచ్చు అటు తిప్పితే రికార్డు, ఇటు తిప్పితే సీడీ. పెద్దాయన పార్వతీదేవి గారి శాలువా తెచ్చి ఆ స్విచ్చు మీద కప్పేశారు, ఏది మోగుతోందో ఎవరికీ కనబడకుండా.

"ఒక్క నిమిషం సార్" అన్నాడు మా ఆయన. "సీడీ సౌండ్ జర ఎక్కువొస్తది. సౌండ్ ఎక్కువున్నదే మంచిగున్నట్టు కొడ్తది మనకు. ముందుగాల రెండిటిని సమానం జేద్దాం. లేకుంటే గది పరీక్ష గాదు, మోసం."

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "అదీ మాట! ఈ ముక్క చెప్పినవాడు నాకింతవరకు తగల్లేదండీ" అన్నారు.

నాకు గుండె కొంచెం కుదుటపడింది. పని తెలిసిన మనిషి కదా, ఎట్లాగో గట్టెక్కుతాడులే అనుకున్నాను. మా ఆయన వాల్యూములు సరిచేసి వచ్చి సోఫాలో కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోమనలేదు. ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి, "నువ్వు గక్కడ కూసో" అన్నాడు.

రికార్డు వయొలిన్ కచేరీది. మోహన రాగం. మొదట ముల్లు దిగిన చప్పుడు, సన్నగా చిటపటలు, వాటి వెనక నుంచి వయొలిన్. నాకు సంగీతం రాదు గానీ, కమాను తీగ మీద ఆనేచోట ఓ గీర వినబడుతుంది చూశారూ, అది వినబడితే మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది.

"రికార్డు" అన్నాడు మా ఆయన.

"దానికేం, చిటపటలు వింటే పసిపిల్లాడైనా చెబుతాడు" అని నవ్వి, పెద్దాయన శాలువా కింద చెయ్యి పెట్టి స్విచ్చు తిప్పారు.

చిటపటలు పోయాయి. వయొలిన్ శుభ్రంగా వచ్చింది. దాంతోపాటే ఇంకోటి కూడా వచ్చింది.

ఈల. దారప్పోగంత సన్నటి ఈల. వయొలిన్ పైకెళ్ళినా, కిందికొచ్చినా, దానికేం పట్టనట్టు ఒకే తీరుగా సాగుతోంది. వంటింట్లో ఫ్రిజ్జేమో అనుకున్నాను. పెద్దాయన మళ్ళీ రికార్డుకి తిప్పారు. ఈల ఆగిపోయింది. సీడీకి తిప్పారు. వచ్చింది. పంటి కింద ఇసుక పడ్డట్టు నా ఒళ్ళు జివ్వుమంది. అది ఫ్రిజ్జూ కాదు, ఫ్యానూ కాదు. మా దుకాణంలో, మా ఆయన చేతుల మీదుగా, ఆ సీడీలోకి ఎక్కింది.

పెద్దాయన కళ్ళు మూసుకుని తాళం వేస్తున్నారు. ఆయనకి వినబడటం లేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ చెవులు, పాపం. మా ఆయన వైపు చూశాను. ఆయన స్పీకర్ల వైపు చూడటం లేదు. నా ముఖంలోకే చూస్తున్నాడు.

నేనేం చేశానో తెలుసా? పళ్ళు బిగించి, ముఖం మీద ఒక్క గీత కదలకుండా కూర్చున్నాను. ఏమీ విననట్టు, ఏమీ జరగనట్టు, అమ్మవారి ఫొటో ముందు కూర్చున్నట్టు ప్రశాంతంగా కూర్చున్నాను. నేను ముఖం చిట్లిస్తే పెద్దాయన "ఏమ్మా?" అంటారు. అడిగితే చెప్పాలి. చెబితే మా ఆయన పరువు ఆ హాల్లోనే పోతుంది. అందుకని నా మొగుణ్ణి నేను కాపాడుకుంటున్నాననుకున్నాను. ఎంత తెలివిగలదాన్నో చూడండి!

వయొలిన్ ఆగింది. పెద్దాయన కళ్ళు తెరిచారు. తడిగా ఉన్నాయి.

"యాభై ఏళ్ళుగా వాదిస్తున్నానండీ" అన్నారు. "రికార్డయితే మనిషి పక్కన కూర్చుని వాయించినట్టు, సీడీ అయితే అద్దాల గదిలో నిలబెట్టి వాయించినట్టు ఉంటుందని. ఇవాళ ఒప్పుకుంటున్నాను. మీ సీడీ మహా బాగుంది. ఏ చప్పుడూ లేదు, ఉత్త సంగీతమే ఉంది."

మా ఆయన మళ్ళీ నా ముఖంలోకి చూశాడు. నేను ఇంకా అలాగే ఉన్నాను. ఆయన భుజాలు వదులయ్యాయి. లేచి నిలబడ్డాడు.

"సార్, నా పని మీద నాకు నమ్మకముంది. గీ సీడీల సంగీతం దప్ప ఇంకో చప్పుడు ఒక్కటున్నదని ఎవలన్న సూపిస్తే, రేపే దుకాణం షట్టర్ గుంజేస్త. మళ్ళ రికార్డు ముట్టుకుంటే ఒట్టు" అన్నాడు.

అయ్యో, అయ్యో. ఎవరడిగారు ఆ ఒట్టు? మా ఆయన గొప్పలు చెప్పే మనిషి కాదు. దుకాణంలో గిరాకీ ఎంత పొగిడినా "జూద్దాం సార్" అనేవాడే. ఇంత ధైర్యం ఎక్కడి నుంచొచ్చింది అనుకుంటూ ఉండగానే నాకు తట్టింది.

ఆర్నెల్లుగా మా ఆయన సీడీ చేసే ప్రతిసారీ నన్ను వెనక్కి పిలుస్తున్నాడు. "చాయ్ తే" అంటాడు. తెస్తే, "ఒక్క రెండు నిమిషాలు కూసో, ఎప్పుడు జూసినా మిషనేనా" అంటాడు. ఎదురుగా స్టూలు వేస్తాడు. నేను చాయ్ తాగుతుంటే కంప్యూటర్లో ఏవో తిప్పుతూ నన్నే చూస్తాడు. పదమూడేళ్ళకి నా మొగుడికి నా మీద ప్రేమ పుట్టిందని నేను మురిసిపోయాను! అత్తరు వాసన వేసే సబ్బు కూడా కొనుక్కున్నాను. ఏదైనా కీచుమంటే నేను ముఖం చిట్లిస్తాను కదా, అప్పుడు తిప్పడం ఆపి, అక్కడ తగ్గించేవాడు. నేను మామూలుగా ఉంటే ముందుకెళ్ళేవాడు. ఆయన చెవితో పనిచేయడం మానేసి ఎంతకాలమైందో! నా ముఖంతో చేస్తున్నాడు.

మరి ఈ సీడీలో ఈల ఎట్లా మిగిలింది? పెద్దాయన బల్ల మీద సీడీ డబ్బా ఉంది. దాని అట్ట మీద మా ఆయన చేతిరాతతో తారీఖు. చూశాను. ఆ నెలలో మా బాపు సిద్దయ్య పొలం గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే, చూసుకోవడానికి నేను లాల్‌గడి మలక్‌పేట్ వెళ్ళాను. పందొమ్మిది రోజులు ఉన్నాను. ఆ పందొమ్మిది రోజులు దుకాణంలో ఎదురు స్టూలు ఖాళీ. అప్పుడే కంప్యూటరుకి కొత్త అడాప్టర్ వేసినట్టు ఫోన్లో చెప్పాడు. ఆ అడాప్టర్ ఈల పెట్టి ఉంటుంది. చెప్పడానికి ముఖమేదీ ఎదురుగా లేదు. ఆ రోజుల్లో చేసినవి నలభై ఉంటాయేమో, నలభైలోనూ ఇదే ఈల ఉంటుంది.

ఇవాళ మాత్రం ముఖం ఎదురుగానే ఉంది. ఆ ముఖమే అబద్ధం చెప్పింది. దాన్ని నమ్మి ఒట్టు పెట్టాడు.

"ఇంకొక్కసారి పెట్టండి, మా ఆవిడ కూడా వింటుంది" అంటున్నారు పెద్దాయన. మా ఆయన ఉత్సాహంగా సీడీ మొదటికి తెచ్చాడు. వద్దు అందామని నోరు తెరిచాను. వయొలిన్ మొదలైంది, ఈల మొదలైంది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. నవ్యశ్రీ, పెద్దాయన మనవరాలు, ఇరవై రెండేళ్ళ పిల్ల, జుట్టంతా చెదిరి, రెండు చెవులూ మూసుకుని దిగొచ్చింది.

"తాతయ్యా, ఏంటా కూత? ఇందాకట్నుంచి తలలో మేకు దిగినట్టుంది. నిద్ర పట్టట్లేదు, ఆపేయండి ప్లీజ్."

"ఏ కూతే?" అన్నారు పెద్దాయన అయోమయంగా.

"అదే, కీ అని! మీకు వినబడట్లేదా?" అంటూ వచ్చి శాలువా లాగేసి, స్విచ్చు తనే అటూ ఇటూ తిప్పింది. "ఇదిగో, రికార్డులో లేదు. సీడీలో ఉంది. రికార్డులో లేదు. సీడీలో ఉంది. అంత గట్టిగా ఉంటే ఇందరు కూర్చుని ఎలా వింటున్నారండీ బాబూ!"

పెద్దాయన నెమ్మదిగా కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"నా వయసుకి నాకు వినబడకపోవడం వింతేం కాదు" అన్నారు. "బాలేష్ గారూ, మీకు?"

మా ఆయన నా వైపు చూశాడు. నేనప్పటికే తల దించేసుకున్నాను. ఆయనకి ముఖం దొరకలేదు.

"లేదు సార్" అన్నాడు. "అమ్మాయి నిద్రల ఉన్నది. నిద్ర సాలకుంటే చెవులు గట్లనే గుయ్యిమంటయ్."

"నిద్ర కాదంకుల్! ఉంది!" అంది నవ్యశ్రీ.

పెద్దాయన నా వైపు తిరిగారు. "అమ్మా, నువ్వు చిన్నదానివి. నువ్వు చెప్పు. వినబడుతోందా?"

అవునంటే నా మొగుడి షట్టర్ నేనే కిందికి లాగినట్టు. కాదంటే ఆ పిల్లని పిచ్చిదాన్ని చేసినట్టు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "నాకు... సమజైతలేదు సార్" అన్నాను. నా జన్మలో అంత పిరికిమాట ఆడలేదు.

నవ్యశ్రీ ఊరుకునే పిల్ల కాదు, పైగా ల్యాబు పిల్ల. "అయితే ఓ పని చేద్దాం తాతయ్యా. నా ఫోన్లో ఒక్కొక్క శబ్దం వినిపించేది ఉంది. లావు శబ్దం నుంచి సన్నటి దాకా వస్తాయి. వినబడగానే చెయ్యెత్తాలి, ఆగగానే దించాలి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అంకుల్, మీకు అభ్యంతరం లేదుగా?"

ఉందను, ఉందను అని మనసులో మొత్తుకున్నాను. ఒట్టు పెట్టినవాడు ఉందని ఎట్లా అంటాడు?

"నాకేంది, పెట్టుండ్రి" అన్నాడు.

"ఇటు చూడకూడదు. నా చెయ్యి కదిలితే తెలిసిపోతుంది. గోడవైపు తిరిగి కూర్చోండి."

పెద్దాయనే కుర్చీ తెచ్చి గోడ ముందు వేశారు. మా ఆయన వెళ్ళి కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన ముందు తెల్ల గోడ, వెనక మేం. నా ముఖం ఏడ్చినా, నవ్వినా ఆయనకి కనబడదు. చొక్కా వీపు మీద చెమట మరక పెరుగుతోంది. ఆ చొక్కా జేబులోనే ఆ కాగితం ఉంది.

అప్పుడు నాకొక దొంగ ఉపాయం తోచింది. దగ్గుతాను. దగ్గు లావు శబ్దమే కదా, అది వినబడుతుంది. శబ్దం మొదలవగానే ఒకసారి, ఆగగానే ఒకసారి. మా ఆయన నా ముఖాన్ని చదివినవాడు, దగ్గుని అర్థం చేసుకోలేడా? తప్పే. ఆ క్షణాన తప్పూ ఒప్పూ కనబడలేదు, స్టేషన్ రోడ్డులో మా షట్టరొక్కటే కనబడింది. గొంతు సవరించుకుని, నవ్యశ్రీ వేళ్ళ మీదే కళ్ళు పెట్టి కూర్చున్నాను.

"ఫ్యాన్ ఆపండి తాతయ్యా" అంది నవ్యశ్రీ. పెద్దాయన ఆపారు. రెక్కలు తిరిగి తిరిగి నిలబడ్డాయి. వంటింట్లో పార్వతీదేవి గారు కూడా గరిటె పక్కన పెట్టినట్టున్నారు, ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

"రెడీయా అంకుల్?"

"ఆఁ."

మా ఆయన కుడిచెయ్యి లేచింది.

నాకు అర్థం కాలేదు. నేనింకా దగ్గలేదు. నవ్యశ్రీ వైపు చూశాను. ఆ పిల్ల నన్నే చూస్తోంది, నోరు కొంచెం తెరుచుకుని. ఫోన్ ఇంకా తన ఒళ్ళోనే బోర్లించి ఉంది. చేతిలోకైనా తీసుకోలేదు.

చెయ్యి దిగలేదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు, అలాగే పైకి ఉండిపోయింది. పెద్దాయన ఒక అడుగు ముందుకేసి ఆగిపోయారు.

"ఇనబడుతాంది" అన్నాడు మా ఆయన గోడతో. "మంచిగ ఇనబడుతాంది. సాలు, ఇగ బంద్ జెయ్యమ్మా."

నవ్యశ్రీ ఫోన్ తిప్పి, నల్లటి తెర నాకు చూపించింది.

"బంద్ జెయ్యమంటున్న గద!" గొంతు చీలిపోయింది. ఎత్తిన చేతినీ, ఇంకో చేతినీ కలిపి చెవులు గట్టిగా మూసుకున్నాడు. మూసుకుంటే ఆ చప్పుడు ఇంకా పెరిగినట్టుంది, తల రెండు మోకాళ్ళ మధ్యకి వంచేశాడు. "స్రవంతీ, జెప్పవే వాళ్ళకు. ఆర్నెల్ల సంది చెవులల్ల మోగుతాంది. పండుకున్నా మోగుతాంది, లేసినా మోగుతాంది. ఎవలన్న బంద్ జెయ్యుండ్రి."